చెరువు నీళ్లూ స్టీలు గ్లాసూ

ట్రయథ్లాన్ గురించి మాట్లాడేవాళ్లందరూ పట్టుదల గురించే మాట్లాడతారు. చీమిడి గురించి ఎవరూ మాట్లాడరు. ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆపకుండా చేయాల్సిన ఈ పోటీలో మనిషి ఒంట్లోంచి కారగలిగినవన్నీ కారతాయి. ముక్కు కారుతుంది, నోరు కారుతుంది, చంకలు ఒరుసుకుపోయి రసి కారుతుంది. కాలి బొటనవేలి గోరు నల్లబడి, ఒకరోజు సాక్సుతో పాటు ఊడి వస్తుంది. అది చూసి గర్వపడాలని వీడియోల్లో చెబుతారు. నేను దాన్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసి, చేతులు సబ్బుతో మళ్లీ మళ్లీ కడుక్కుని, ఆ పూట అన్నం మానేశాను.

నాకు పుట్టుకతోనే రోత ఎక్కువ. హోటల్లో బల్లను తడిగుడ్డతో తుడిస్తే ఆ వాసనకు లేచి వచ్చేస్తాను. బస్సులో ఎవరైనా బత్తాయి ఒలిచి తొక్కలు సీటు కింద వేస్తే రెండు స్టాపుల ముందే దిగిపోతాను. కామారెడ్డిలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ల్యాబులో కుళ్లిన గుడ్ల కంపు నన్ను ఏమీ చేయదు, అది జీతం ఇచ్చే కంపు. ఇలాంటి మనిషి నలభై దాటాక ఈ ఆటలోకి ఎందుకు దిగిందంటే, మెట్లెక్కితే ఆయాసం వస్తోందని నడక మొదలుపెట్టాను. నడక పరుగైంది. పరుగుతో మోకాళ్లు నొస్తే సైకిలు కొన్నాను. "వాకింగ్ జేస్తే సరిపోదా" అని మా ఆయన అన్నాడు. ఆయన అలా అన్నాడు కాబట్టే సరిపోలేదు.

మిగిలింది ఈత. ఈతకొలనులో గోడ పట్టుకుని నేర్చుకున్నాను. గోడ లేని నీళ్లంటే మాత్రం గుండె ఆగిపోయేది. పోటీ జరిగేది గోడలు లేని నీళ్లలోనే. ఆ నీళ్లలో నా పక్కన ఒక మనిషి ఉంటే ఈదగలను, లేకపోతే మోకాళ్ల లోతు కూడా దాటలేను. ఆ మనిషి ఎల్లారెడ్డి వైపు పల్లెలో ఉండే ఒక నర్సు. నాకంటే నాలుగైదేళ్లు చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఆమె రాకపోతే నాకు పోటీ లేదు. ఈ కథలో ఆ సంగతి ముందుగా చెప్పేయడం మంచిది, ఎందుకంటే తర్వాత జరిగినదాంట్లో నా బాధ ఎంతో, నా అవసరం ఎంతో నాకే సరిగ్గా తెలియదు.

మా స్నేహం వాంతితో మొదలైంది. కామారెడ్డిలో ఏదో అవగాహన పరుగు పెట్టారు. ఎండ ఎక్కాక మొదలుపెట్టి, దానికి ముందు అందరికీ ఇడ్లీలు తినిపించి మరీ పరుగెత్తించారు. గమ్యం దగ్గర ఆగగానే నా ఇడ్లీలు ఆమె బూట్ల మీద పడ్డాయి. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఆమె బూట్లు విప్పి కుళాయి కింద పెట్టి, "అల్లం చట్నీ బాగనే నమిలినవక్కా" అంది. రోజూ పుండ్లు కడిగే మనిషికి ఇదొక లెక్క కాదు. ఆమెకు రోత లేదని అప్పుడు అనుకున్నాను. అది నిజం కాదని తర్వాత తెలిసింది. పరుగులో బలానికని నేను మింగే తియ్యటి జెల్లు ప్యాకెట్లు చూస్తే ఆమెకు ఓకరింపు. "చిన్నపిల్లల ముక్కుల కెల్లి తీసినట్టున్నది" అనేది. తను మాత్రం ఉడకబెట్టిన గెనుసుగడ్డలు ప్లాస్టిక్ కవర్లో మూటకట్టి వీపు జేబులో పెట్టుకునేది. చిన్నప్పుడు వ్యవసాయ బావుల్లో, నడుముకు సొరబుర్ర కట్టుకుని ఈత నేర్చుకుంది. ఇప్పటి ఉద్యోగానికి ముందు మహారాష్ట్ర సరిహద్దున డోంగ్లి వైపు కొన్నాళ్లు పనిచేసింది, అక్కడ మరాఠీ పట్టుబడింది. సైకిళ్ల వెంట పడే కుక్కల్ని ఇప్పటికీ మరాఠీలోనే తిడుతుంది. గేర్లు ఎప్పుడు మార్చాలో నేను ఆమెకు నేర్పాను, నీళ్లలో తల ఎప్పుడు తిప్పాలో ఆమె నాకు నేర్పింది.

ప్రతి ఆదివారం తెల్లవారకముందే నేను కామారెడ్డి నుంచి సైకిలు మీద బయలుదేరి ఆమె ఊరి దగ్గరి చెరువుకు వెళ్లేదాన్ని. ఊరి పొలిమేరలు దాటేదాకా రోడ్డు పక్కన చికెన్ సెంటర్లు పారబోసిన ఈకలూ పేగులూ, వాటి చుట్టూ కుక్కలు. ముక్కు మూసుకుని తొక్కితే ఊపిరాడదు, తెరిస్తే కడుపు తిప్పుతుంది. చెరువు దగ్గరికి చేరేసరికే సగం ప్రాణం పోయేది.

చెరువు మరీ దారుణం. మేము మొదలుపెట్టిన వారం ముందే వినాయకుల నిమజ్జనం అయింది. ఒడ్డున తొండాలు, తెగిన చేతులు, వెదురు బద్దలు, గడ్డి, నీళ్ల మీద తెట్టులా రంగు. దేవుణ్ణి తొమ్మిది రోజులు కొలిచి, పదో రోజు ముక్కలుగా ఒడ్డుకు కొట్టుకొచ్చేలా వదిలేసి, మళ్లీ ఏడాది దాకా ఆ వైపు చూడని భక్తి ఏం భక్తో నాకు అర్థం కాదు. నేను దిగిన మొదటి రోజే చీలమండకు ఏదో మెత్తగా చుట్టుకుంది.

"ఏందక్కా గట్ల ఒర్లుతున్నవ్, దండ అది. పాము కాదు" అంది ఆమె.

కుళ్లిన బంతిపూల దండ. పాము అయినా అంత అసహ్యం వేసేది కాదు. ఆమె దాన్ని చేత్తో లాగి దూరంగా విసిరి, నా ఎడమ పక్కన చేయి చాచితే అందేంత దూరంలో ఈదడం మొదలుపెట్టింది. ఊపిరి తీసుకోవడానికి తల తిప్పినప్పుడల్లా ఆమె ముఖం కనిపించేది. ముఖం కనిపిస్తే మరో నాలుగు బారలు వేసేదాన్ని. గేదెలు కడిగిన నీళ్లు నోట్లోకి వెళ్లేవి. "మింగకు, ఉమ్మెయ్" అని ఆమె అరిచేది. ఉమ్మడం నాకు రాదు. ఆడపిల్ల ఉమ్మకూడదని పెంచారు. నలభై దాటాక, చెరువు మధ్యలో, ఉమ్మడం నేర్చుకున్నాను.

ఈత అయ్యాక ఇద్దరం తడిబట్టల మీదే సైకిళ్లెక్కి కామారెడ్డి రోడ్డున లింగంపేట వైపు తొక్కేవాళ్లం. నవంబరుకల్లా రోడ్డులో సగం వడ్లు ఆరబోశారు. వడ్ల చుట్టూ రాళ్లు పేర్చుతారు, బండ్లు ఎక్కకుండా. వడ్లు ఎత్తుకుపోతారు, రాళ్లు ఎత్తరు. రాయి పెట్టడానికి గుర్తొచ్చిన మనిషికి తీయడానికి ఎందుకు గుర్తురాదు? మా అన్న కూడా అలాగే చేస్తాడు, అడిగితే "రేపు మళ్ల పోస్తం కద" అంటాడు. అలాంటి ఒక రాయి తప్పించబోయి ఒకరోజు సైకిలు ఎగిరి, నా నీళ్ల సీసా కాలువలో పడిపోయింది. నీళ్లు లేకుండా ఎండలో ఇంకా చాలా దూరం పోవాలి. ఆమె తన సీసా ఇచ్చింది. మా ఇంట్లో ఎవరి చెంబైనా పైకెత్తి పోసుకుని తాగాల్సిందే, పెదవి తగలకూడదు. ఈ సీసాలు చప్పరిస్తే తప్ప నీళ్లు రావు. నేను చేతిలో పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

"తాగక్కా. చెరువుల ఇంకా ఏమేమి తాగినవో, ఇదొక లెక్కనా?"

తాగాను. గెనుసుగడ్డ వాసన వచ్చింది. కడుపులో తిప్పింది, కాసేపటికి తగ్గింది. ఈ ఆట నేర్పే పాఠం ఏదైనా ఉందంటే ఇంతే, రోత చావదు, దాని పక్కనుంచి తొక్కుకుంటూ పోవడం అలవాటవుతుంది.

మా తల్లిగారి ఊరు ఆ రోడ్డు మీదనే, లింగంపేటకు ఇవతల. అక్కడ మా అన్నా వదినా ఉంటారు. పొలం ఉంది, రోడ్డుకు ఆనుకుని ఇల్లు ఉంది. మా అమ్మ చనిపోయినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. తర్వాత నన్ను చదివించింది, పెళ్లి చేసి పంపింది, నా కాన్పు చేసింది మా వదినే. బిడ్డా అనే పిలుస్తుంది. ఆదివారాలు మేము ఆ ఇంటి దగ్గర ఆగి టీ తాగేవాళ్లం. తర్వాత ఆమె ఎల్లారెడ్డి వైపు వెనక్కి, నేను కామారెడ్డికి. వదిన మా ఇద్దరికీ స్టీలు గ్లాసుల్లో టీ పోసి, ఉప్మా పెట్టి, పిక్కలు పట్టేశాయంటే కొబ్బరినూనె వేడి చేసి తెచ్చేది. అన్న గేటు దగ్గర నిలబడి, పోయేవాళ్లందరికీ "మా చెల్లె, కామారెడ్డి కెల్లి సైకిల్ మీద వచ్చింది" అని చెప్పేవాడు. మొదటి నెలంతా అలాగే గడిచింది.

ఒక ఆదివారం వదిన ఆమెను అడిగింది. "ఇంత పొద్దుగాల ఇడిశిపెట్టి వస్తున్నవ్, ఇంట్ల ఏమనరా బిడ్డ?"

"ఏమనరమ్మా. పదకొండింటికల్ల ప్రార్థనకు అందుకోవాలె, గంతే."

"ఓ, ప్రార్థనకా" అంది వదిన. ఖాళీ గ్లాసులు ఏరుతూ, "మీ ఇల్లు ఊర్లె ఏ దిక్కు?" అని అడిగింది.

"చర్చి పక్కపొంటే."

వదిన తల ఊపి లోపలికి వెళ్లిపోయింది. మతం ఆమెకు పెద్ద విషయం కాదు. మా ఊళ్లో క్రిస్మస్ కేకు పంచితే తీసుకుని పిల్లలకు పెడుతుంది. ఆమె లెక్క వేసింది మతాన్ని కాదు, చర్చి ఏ వాడలో ఉంటుందో దాన్ని.

మరుసటి ఆదివారం టీ వచ్చింది. నాకు స్టీలు గ్లాసు, ఆమెకు కాగితం గ్లాసు. పెళ్లిళ్లలో మిగిలినవి కట్టగట్టి బియ్యం డబ్బా వెనక పెడతారే, అవి. ఉప్మా నాకు పల్లెంలో, ఆమెకు కాగితం ప్లేటులో. వడ్డించడంలో మాత్రం తక్కువ చేయలేదు, నాకంటే ఆమెకే ఎక్కువ పెట్టింది. గరిటె మాత్రం ఎత్తు నుంచి వంచింది. వేడికి కాగితం గ్లాసు మెత్తబడి సొట్టపోతుంటే ఆమె రెండు చేతులా పట్టుకుని ఊదుకుంటూ తాగింది. నా వైపు చూడలేదు. నేను వంటింట్లోకి వెళ్లి చూశాను. స్టాండు నిండా గ్లాసులు తళతళమంటూ బోర్లించి ఉన్నాయి.

ఆ వారమంతా ఆ కాగితం గ్లాసే కళ్ల ముందు ఉంది. బహుశా పొరపాటేమో అనుకున్నాను. అలా అనుకోవడం కూడా నాకే నచ్చలేదు. దండ కుళ్లిందని తెలుసుకోవడానికి చేయి పెట్టి చూడాల్సిన పని లేదు, వాసన చాలు. మళ్లీ ఆదివారం అదే జరిగింది. ఆమె సైకిళ్ల దగ్గర గాలి కొట్టుకుంటోంది. నేను వంటింటి గడపలో నిలబడి వదినను అడిగాను.

"వదినా, నాకు గూడ గా కాయితం గిలాసలనే పొయ్యి."

"ఎందుకు బిడ్డ? నీ గిలాస ఉన్నది కద."

"ఆమెకు లేదా?"

వదిన తలుపు వైపు చూసింది. "మెల్లగ మాట్లాడు, వింటది."

"వినని."

"తోముడు తక్కువైతదని తీసిన. పనామె వస్తలేదు."

"మరి నాదెందుకు తోముతున్నవ్?"

వదిన గిన్నె కింద పెట్టేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేనేమన్న తప్పు మాటన్ననా? తిండి పెట్టలేదా? పిక్కలు పట్టినయంటే నూనె కాగబెట్టి ఇయ్యలేదా? ఇంకేం జెయ్యాల్నే నీ దోస్తుకు? రేపు నలుగురు వస్తరు, గా గిలాసలనే నీళ్లిస్త, తెలిస్తే మన ఇంట్ల తాగుతరా?"

ఆ కన్నీళ్లు నిజమైనవే. అదే నన్ను మండించింది. తప్పు చేసిన మనిషి దబాయిస్తే పోట్లాడవచ్చు, ఏడిస్తే ఏం చేయాలి? అంతలో అన్న వచ్చి, "గింత దానికి గంత లొల్లి ఏంది? ఆమెకు లేని బాధ నీకేంది? లోకమంత మారినంక మనం గూడ మారుదుం" అన్నాడు. లోకం అంటే ఆయనకు రోడ్డు అవతలి ఇల్లు. ఆ ఇంటాయనకు లోకం అంటే మా అన్న. నేను గొంతు పెంచాను, వాడల గురించి, చదువుల గురించి, చివరికి అందరం కలిసే మట్టి గురించి, నోటికొచ్చింది అన్నాను. సింక్ పక్కన పెట్టిన కాగితం గ్లాసుల కట్ట తీసుకెళ్లి పెంటకుప్పలో పడేశాను. బయటికి వచ్చేసరికి ఆమె హెల్మెట్ పెట్టుకుని సైకిలు మీద కూర్చుని ఉంది. మెచ్చుకుంటుందని నేను అనుకున్నానో లేదో తెలియదు కానీ, నా నడకలో కొంచెం టెక్కు ఉంది.

ఊరు దాటేదాకా నేను ఆమె వెంటే ఎల్లారెడ్డి వైపు తొక్కాను. ఒక వడ్ల కుప్ప దగ్గర ఆమె ఆగి, "నేనేమన్న అడిగిన్నా అక్కా నిన్ను?" అంది.

"గట్ల జేస్తుంటే నేను చూసుకుంట కూసుంటనా?"

"నువ్వు ఇయాల చూసినవ్. నేను పుట్టినప్పటి కెల్లి చూస్తున్న. టీ తాగి నా తొవ్వ నేను పోవుడు నాకు తెల్సు. ఇప్పుడు మీ ఇల్లంత కూసోని నా ముచ్చట పెడ్తరు, ఊరంత పెడ్తది. నీకు రోత వుట్టింది, కక్కినవ్. అది గూడ నా మీదనే పడ్డది."

బూట్ల మీద పడ్డప్పుడు నవ్విన మనిషి ఈసారి నవ్వలేదు. సైకిలెక్కి తన ఊరి వైపు వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ మీది ఆదివారమూ రాలేదు. ఫోన్ చేస్తే డ్యూటీ ఉందంది. నేను చెరువు దాకా వెళ్లాను. మోకాళ్ల లోతులో నిలబడి, గేదెలు నన్ను దాటి లోపలికి ఈదుకుంటూ పోవడం చూశాను. ఎడమ పక్కన ముఖం లేదు. పోటీ దగ్గరపడుతోంది. ఒడ్డున కూర్చుని, ఆమె బాధపడిందని నాకు దిగులుగా ఉందా, లేక నా ఈత పోయిందని దిగులుగా ఉందా అని ఆలోచించాను. రెండూ కలిసి ఉన్నాయి, బురదా నీళ్లూ కలిసినట్టు, వేరు చేద్దామంటే రాలేదు. నా మీద నాకే చీదర పుట్టింది. మా వదినకు ఆమె గ్లాసుతో పని, నాకు ఆమె ఈతతో పని. ఆమెతో పని ఎవరికి ఉంది?

ఆ సాయంత్రం ఇదే మాట ఫోనులో ఆమెకు చెప్పాను, మర్యాదలేమీ లేకుండా.

"గంత ఆలోచించకు" అంది. "ఆదివారం వస్త. నీ కోసం కాదు, నాకు గూడ పోటీ ఉన్నది కద. మీ ఇంటికి మాత్రం రాను."

ఆదివారాలు మళ్లీ మొదలయ్యాయి. మా ఊరు వచ్చేముందే ఆమె వెనక్కి తిరిగేది. నేను ఒక్కదాన్నే ఆ గేటు ముందు నుంచి తొక్కుకుంటూ కామారెడ్డికి వెళ్లేదాన్ని. వదిన వరండాలో కనిపిస్తే చేయి ఊపేది. నేనూ ఊపేదాన్ని. మనసు విరిగినా చేయి ఊగుతుంది.

పోటీ వేరే జిల్లాలో, ఒక పెద్ద జలాశయంలో. దాని గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. తెల్లవారకముందే తాత్కాలిక మరుగుదొడ్ల ముందు వందల మంది బారులు తీరారు, భయంతో అందరి కడుపులూ ఒకేసారి కదిలాయి. నా వంతు వచ్చినప్పుడు లోపల చూసిన దృశ్యం ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. నీళ్లలోకి దిగగానే ఎవరిదో మడమ నా పెదవికి తగిలి రక్తం వచ్చింది. ఎవరో నన్ను ఎక్కి ఈదుకుంటూ పోయారు. ఆమె మాత్రం ఎడమ పక్కన అదే దూరంలో ఉంది. తనకున్న వేగానికి చాలా ముందుకు పోవచ్చు, పోలేదు. ఒడ్డుకు చేరాక సైకిలెక్కి కనుమరుగైపోయింది.

సైకిలు మీద ఆరెంజ్ జెల్లు మొత్తం నా ముంజేతి మీదికి వచ్చింది. తుడుచుకోవడానికి గుడ్డ లేదు, ఎండకు ఎండిపోయి ఈగలు ముసిరాయి. పరుగులో తొడలు ఒరుసుకుపోయాయి. ముందు పరుగెత్తే పెద్దమనిషి ప్రతి మలుపులో చీదుతుంటే ఆ తుంపరలోంచే నా దారి. గడువు ముగియకముందే గీత దాటాను. దండ లాంటి పతకం ఎవరో మెడలో వేశారు. అవతల ఆమె ఒక ప్లాస్టిక్ టబ్బులో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. ఐసు నీళ్లు, అప్పటికే ఎంతమంది కాళ్లు మునిగాయో, రంగు టీలా ఉంది. నన్ను చూసి పక్కకు జరిగింది. నేను కాళ్లు అందులో పెట్టాను. ఇద్దరం అలా చాలాసేపు కూర్చున్నాం. ఆ రోజు మొత్తంలో నాకు రోత పుట్టనిది ఆ టబ్బు ఒక్కటే.

మరుసటి వారం అన్న ఫోన్ చేశాడు. "ఊర్ల సన్మానం పెడుతున్నం. ఆమెను గూడ తోలుకరా, ఇద్దరికి శాలువలు కప్పుతం. మీ వదిన గూడ రమ్మంటున్నది."

వెనక నుంచి వదిన గొంతు వినిపించింది. "స్టీలుదే ఇస్త అని చెప్పు."

నాకు నిజంగా సంతోషమేసింది. నా స్నేహితురాలికి చెబితే నమ్మలేదు. "నీ మొఖం జూసి వస్తున్న" అంది. మంచి చీర కట్టుకుని, పతకం చేతిసంచిలో పెట్టుకుని బస్సులో వచ్చింది.

పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేశారు. మైకు పట్టుకున్న ప్రతివాడూ మేము ఎంత దూరం ఈదామో తలా ఒక లెక్క చెప్పాడు. ఒకాయన మమ్మల్ని ఉక్కు మహిళలన్నాడు. ఇంకొకాయన, క్రీడలు కులమతాలకు అతీతమన్నాడు, అప్పుడు చప్పట్లు బాగా కొట్టారు. శాలువా అట్టపెట్టె వాసన వేసింది. నేను ఆమె వైపు చూశాను. ఆమె ముందుకు చూస్తూ నమస్కారం పెట్టుకుని నిలబడి ఉంది, ఆస్పత్రిలో రోగి బంధువులు అరిచేటప్పుడు నిలబడినట్టు.

భోజనానికి ఇంటికి వెళ్లాం. వదిన మా ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టింది. ఇద్దరికీ స్టీలు పల్లెం, ఇద్దరికీ స్టీలు గ్లాసు. కూర వేస్తూ నా కళ్లలోకి చూసింది, చూశావా అన్నట్టు. ఈమె నన్ను పెంచిన మనిషి, ఈమె మారగలదు అని పొంగిపోయాను. మటన్ కూర బాగుందని ఆమె అంటే వదిన మళ్లీ వేసింది. అన్న ఆమెను ఆస్పత్రి సంగతులు అడిగాడు. అందరం నవ్వాం కూడా.

తిన్నాక కాసేపు కబుర్లు చెప్పుకుని, బయలుదేరేముందు ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. బోరు దగ్గర గిన్నెలన్నీ తోమి బుట్టలో బోర్లించి ఉన్నాయి. బుట్టకు దూరంగా, ప్రహరీ గోడ మీద, ఒక పల్లెం, ఒక గ్లాసు వేరుగా ఉన్నాయి. గ్లాసు అడుగున గోళ్లరంగుతో ఎర్రటి చుక్క. పల్లెం అడుగున కూడా. పొరపాటున లోపలి గిన్నెల్లో కలవకుండా గుర్తు. కొత్త సామాను, షాపు స్టిక్కరు జిగురు ఇంకా పోలేదు. నా పోట్లాటకు మా వదిన కష్టపడి కనిపెట్టిన జవాబు అది. కాగితం గ్లాసైతే పారేస్తే పోయేది. నేను పోట్లాడి ఆమెకు ఒక శాశ్వతమైన గ్లాసు సంపాదించిపెట్టాను.

వెనక్కి తిరిగితే ఆమె కూడా ముఖం కడుక్కోవడానికి వచ్చి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. ఏమైనా అనాలని నోరు తెరిచాను, ఆమె తల అడ్డంగా ఊపింది. గోడ మీది గ్లాసు తీసి, తిప్పి, చుక్కను బొటనవేలితో ఒకసారి రుద్దింది. అది పోలేదు. గ్లాసు పట్టుకుని వరండాలోకి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను.

"అమ్మా, ఈ గిలాస నా కోసమే కొన్నట్టున్నరు" అంది వదినతో, మామూలు గొంతుతో. "నేను తీస్కపోత."

నేను వదిన ముఖం చూశాను. సిగ్గుపడుతుందనుకున్నాను. కనీసం కోపమైనా వస్తుందనుకున్నాను, దానికి సిద్ధంగా కూడా ఉన్నాను. ఆమె ముఖం తేటపడింది. నెలల తరబడి ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియని వస్తువుకు చోటు దొరికినట్టు హాయిగా ఊపిరి వదిలింది. గబగబా పెరట్లోకి వెళ్లి గోడ మీది పల్లెం అంచు పట్టుకుని తెచ్చి, నీళ్లు దులిపి, చేయి సంచికి తగలకుండా ఆమె సంచిలో జారవిడిచింది.

"గిది గూడ తీస్కపో బిడ్డ" అంది. "జత ఉంటది."

ఎంతో ప్రేమగా అంది. చెరువులో, రోడ్డు మీద, ఆ మరుగుదొడ్లలో ఇన్ని నెలలుగా నేను చూసినవాటిలో ఏదీ ఆ ప్రేమంత రోత పుట్టించలేదు. ఆమె సంచి భుజానికి వేసుకుని గేటు దాటింది, నడుస్తుంటే లోపల పల్లెం, గ్లాసు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఆ ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు వదినతో "పోయొస్త" అనకుండా నేను ఎన్నడూ గడప దాటలేదు. వదిన ఆ మాట కోసం గుమ్మంలో నిలబడి ఉంది. నేను చెప్పులు వేసుకుని, ఏమీ అనకుండా ఆమె వెంట నడిచాను.